గదిలోంచి బయటికి చూడకుండా భూమి తిరుగుతోందని తేల్చే కొలత ఏది?

ఉత్తరగోళం (ప్రశ్న)

భూభ్రమణానికి రుజువు ఏమిటంటే అందరూ ముందు చెప్పేది పగలూ రాత్రీ. కానీ భూమి కదలకుండా ఉండి, ఆకాశమే రోజుకోసారి చుట్టూ తిరిగినా పగలూ రాత్రీ వస్తాయి. కెమెరా షట్టర్‌ను గంటసేపు తెరిచి ఉంచి తీసే నక్షత్రాల జాడల ఫొటోకీ ఇదే చిక్కు. నాకు కావలసింది ఆకాశం వంక చూడకుండా నాలుగు గోడల మధ్య చేసే కొలత. చూసినవాళ్లు "ఇది ఇంకో కారణం వల్ల కూడా రావచ్చుగా" అని అడిగితే జవాబు చెప్పగలిగేలా ఉండాలి.

అక్షాంశం 15 డిగ్రీల ఉత్తరం అనుకోండి. పైకప్పు నాలుగున్నర మీటర్లు. ఫూకో లోలకం (తీగకి వేలాడే గుండు, భూభ్రమణం వల్ల దాని ఊగే తలం మెల్లగా తిరుగుతుంది) గురించి చదివాను కానీ, ఇంత తక్కువ అక్షాంశంలో ఆ తలం చాలా నెమ్మదిగా తిరుగుతుందని, పొట్టి తీగతో కడితే ఒక్కోసారి ఎదురు దిశలో కూడా తిరుగుతుందని అంటారు. ఎదురు దిశలో ఎందుకు తిరుగుతుంది? ఫోన్‌లోని జైరోస్కోప్ (తిరిగే వేగాన్ని కొలిచే సెన్సర్) ఈ పనికి వస్తుందా? ఇంకో సందేహం, ఎవరో ఒకరు తప్పకుండా అడిగేది: భూమి తూర్పుకి తిరుగుతుంటే పడమటికి వెళ్లే విమానం త్వరగా చేరాలి కదా?

---

నాక్షత్రదినం

ఆకాశాన్ని పక్కన పెట్టడం సరైన పనే. సంఖ్య ఎంత కచ్చితంగా ఉన్నా అది ఈ గొడవ తీర్చదు. ఆర్యభటుడు 43,20,000 సౌర సంవత్సరాల్లో భూమి 1,58,22,37,500 సార్లు తిరుగుతుందని లెక్క ఇచ్చాడు. దాన్నుంచి ఒక భ్రమణానికి 23 గంటల 56 నిమిషాల 4.1 సెకన్లు వస్తుంది. ఇప్పటి విలువ 23 గంటల 56 నిమిషాల 4.09 సెకన్లు. అద్భుతమైన లెక్క. కానీ నక్షత్రాలే తిరుగుతున్నాయని నమ్మినవాళ్లకూ అదే కాలం వస్తుంది. పడవలో పోయేవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు కనబడుతుందని ఆయన చెప్పిన పోలిక అది సాధ్యమేనని చూపిస్తుంది. జరుగుతున్నది అదేనని తేల్చడానికి కొలత కావాలి.

ఆకాశం వైపు నుంచే వాదించాలంటే ఒక్క లెక్క చాలు. నెప్ట్యూన్ సూర్యుడి నుంచి సుమారు 450 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. అది రోజుకోసారి మన చుట్టూ తిరగాలంటే సెకనుకు దాదాపు 3,28,000 కిలోమీటర్లు పోవాలి. కాంతి వేగమే సెకనుకు 2,99,792 కిలోమీటర్లు. నక్షత్రాల దాకా వెళ్లనక్కర్లేదు, సౌర కుటుంబంలోనే ఆ ఊహ కూలిపోతుంది.

భూస్థిర ఉపగ్రహం ఇంకో మంచి ఉదాహరణ. భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఒకే చోట నిలిచినట్టు కనబడుతుంది. భూమి తిరగకపోతే అక్కడ దాన్ని నిలిపి ఉంచేది ఏదీ లేదు, నేరుగా కింద పడాలి. డిష్ యాంటెనా కదలకుండా ఒకే వైపు చూస్తున్నా సిగ్నల్ వస్తోందంటే ఉపగ్రహం, భూమి ఒకే కోణీయ వేగంతో తిరుగుతున్నట్టే.

గురుత్వం మాట కూడా వస్తుంది. 1672లో రిషే పారిస్ నుంచి తెచ్చిన లోలక గడియారం భూమధ్యరేఖకు దగ్గర్లోని కయెన్‌లో రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. గురుత్వ త్వరణం ధ్రువం దగ్గర 9.832, భూమధ్యరేఖ దగ్గర 9.780 మీ./సె². తేడా 0.052. ఇందులో భ్రమణం నేరుగా తగ్గించేది 0.034 మాత్రమే. మిగిలింది భూమి నడుము దగ్గర ఉబ్బి ఉండటం వల్ల. ఆ ఉబ్బూ భ్రమణం వల్లే వచ్చింది, భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం ధ్రువ వ్యాసార్ధం కన్నా 21.4 కిలోమీటర్లు ఎక్కువ. అయితే ఎదుటివాళ్లు "భూమి పుట్టుకతోనే ఆ ఆకారం" అనవచ్చు. కాబట్టి మీ షరతుకి ఇది సరిపోదు. గదిలో చేసేవాటికి ఇతరులు చెప్పనీ.

---

తీగగుండు

లోలకం మీ పైకప్పుకి వీలవుతుంది, 4 మీటర్ల తీగ అనుకుందాం. ముందు ఏం ఆశించాలో చూడండి. ఊగే తలం గంటకు 15.04 × సైన్ (అక్షాంశం) డిగ్రీలు తిరుగుతుంది. 15 డిగ్రీల దగ్గర గంటకు 3.9 డిగ్రీలు, పూర్తి చుట్టుకి 92 గంటల పైన. 30 డిగ్రీల దగ్గర 7.5, ధ్రువం దగ్గర పూర్తి 15, భూమధ్యరేఖ మీద సున్నా. ఉత్తరార్ధగోళంలో పైనుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో, దక్షిణాన ఎదురు దిశలో. 1851లో పారిస్ పాంథియాన్‌లో ఫూకో 67 మీటర్ల తీగకి 28 కిలోల గుండు కట్టి చూపించాడు. అక్కడ గంటకు 11.3 డిగ్రీలు. అంత పొడవు ఎందుకంటే, పొట్టి లోలకంలో భూమి కన్నా గట్టిగా తిప్పే దొంగ ఒకటి ఉంటుంది.

ఆ దొంగ పేరు దీర్ఘవృత్తం. గుండు సరళరేఖలో కాక కాస్త సన్నటి దీర్ఘవృత్తంలో ఊగిందంటే, భూమితో సంబంధం లేకుండా ఆ దీర్ఘవృత్తమే మెల్లగా తిరుగుతుంది. గుండు ఏ వైపుగా చుట్టు వేస్తోందో ఆ వైపుకే. ఈ దొంగ వేగం = (3/8) × లోలకం కోణీయ పౌనఃపున్యం × పెద్ద అర్ధాక్షం × చిన్న అర్ధాక్షం ÷ పొడవు వర్గం. ఊపు మధ్య నుంచి 20 సెం.మీ., చిన్న అర్ధాక్షం ఒకే ఒక్క మి.మీ. అనుకోండి:

2 మీటర్ల తీగ: గంటకు 8.6 డిగ్రీలు
4 మీటర్ల తీగ: గంటకు 1.5 డిగ్రీలు
10 మీటర్ల తీగ: గంటకు 0.15 డిగ్రీలు

మీకు కావలసింది 3.9. రెండు మీటర్లతో ఒక మి.మీ. తేడాకే దొంగ రెండింతలు బలంగా ఉంది. అది ఎదురు వైపుకి పడితే లోలకం తప్పు దిశలో తిరుగుతుంది. మీరు చదివింది ఇదే. నాలుగు మీటర్ల దగ్గర చిన్న అర్ధాక్షాన్ని అర మి.మీ. లోపు ఉంచగలిగితే భూమి గెలుస్తుంది. ఊపు తగ్గిస్తే దొంగ కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది కాబట్టి 20 సెం.మీ. దాటి ఊపకండి.

ఇక కట్టడం. తీగకి 0.6 మి.మీ. పియానో స్టీల్ తీగ. ఇది అరవై కిలోల దాకా తెగదు, 8 కిలోల గుండుకి ధారాళంగా చాలు. మెలిక పడిన తీగ వద్దు, ఒకసారి మడత పడితే ఆ చోట ఎప్పటికీ ఒక వైపుకి ఎక్కువ వంగుతుంది. గుండు లేత్ మీద తిప్పినదై ఉండాలి, తీగ దాని సరిగ్గా మధ్యలోంచి దిగాలి. పైన కొక్కేనికి ముడి వేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ముడి ఒక దిశలో వదులుగా, ఇంకో దిశలో బిగువుగా ఉంటుంది. చిన్న డ్రిల్ చక్‌ని తలకిందులుగా బిగించి, మూడు దవడల మధ్య తీగని పట్టించండి. తీగ బయటికి వచ్చే చోట అంచు నునుపుగా, గుండ్రంగా ఉండాలి. చక్‌ని పట్టుకునే దూలం కాంక్రీటులో గట్టిగా పాతుకుని ఉండాలి. సన్నటి ఇనుప గొట్టం పొడవునా బిగువు, అడ్డంగా ఊగు. ఒక దిశలో తీగ ప్రభావ పొడవు ఇంకో దిశ కన్నా 0.05 మి.మీ. ఎక్కువైతే చాలు, వంకర దిశలో వదిలిన గుండు పది నిమిషాల్లో 0.6 మి.మీ. చిన్న అర్ధాక్షం తెచ్చుకుంటుంది.

చేత్తో వదలకండి, ఎంత నేర్పున్నా పక్కకి తోస్తారు. గుండు నడుము చుట్టూ, దాని గురుత్వ కేంద్రం ఎత్తులో నూలు దారం ఉచ్చు వేసి పక్కకి లాగి స్టాండుకి కట్టండి. గుండు తన చుట్టూ తాను తిరగడం, వణకడం పూర్తిగా ఆగేదాకా, కనీసం పది నిమిషాలు, ఆగండి. తర్వాత దారాన్ని అగ్గిపుల్లతో కాల్చండి. ఫ్యాన్లు, ఏసీ ఆపి, తలుపులు మూసి ఉంచాలి. గాలి తోపుడు కూడా దీర్ఘవృత్తమే పుట్టిస్తుంది.

కింద కాగితం మీద 20 సెం.మీ. వ్యాసార్ధం వృత్తం, డిగ్రీకొక గీత. గీతల మధ్య 3.5 మి.మీ. వస్తుంది. గంటలో గుండు కింది సూది ఆ అంచున దాదాపు 13.6 మి.మీ. జరగాలి. ఊపు తగ్గినా తలం దిశనే చదవండి, అంచు తాకిన చోటుని కాదు. రెండు చివర్లనూ చదివి సగటు తీయండి, వృత్తం కేంద్రం కాస్త పక్కకి ఉన్నా ఆ తప్పు పోతుంది.

---

సున్నాబయాస్

తక్కువ అక్షాంశంలో లోలకానికి నష్టం ఎందుకంటే, అది భూభ్రమణంలో నిలువు భాగాన్నే చూస్తుంది. అడ్డ భాగం కొసైన్ (అక్షాంశం) ప్రకారం ఉంటుంది, 15 డిగ్రీల దగ్గర గంటకు 14.5 డిగ్రీలు. అంటే మీరున్న చోట ఉత్తరం వైపు చూసే జైరోస్కోప్‌కి లోలకం కన్నా మూడున్నర రెట్లకు పైగా సంకేతం అందుతుంది.

ఫోన్ బల్ల మీద పెట్టి చదివేస్తే మాత్రం ఏమీ తేలదు. భూభ్రమణం సెకనుకు 0.0042 డిగ్రీలు. చౌక చిప్ సున్నా చూపించాల్సిన చోట చూపించే తప్పు, అంటే బయాస్, దానికి పదులు, వందల రెట్లు. పైగా ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే బయాస్ సెకనుకు 0.05 డిగ్రీల దాకా జరగవచ్చు. డిగ్రీలో పదో వంతు వేడెక్కినా అది భూమిని మింగేస్తుంది. దీనికి మందు తిప్పి చదవడం. ఫోన్‌ని వెల్లకిలా, పొడవు అంచు ఉత్తరానికి పెట్టి 30 సెకన్ల సగటు తీయండి. 180 డిగ్రీలు తిప్పి దక్షిణానికి పెట్టి మళ్లీ 30 సెకన్లు. రెండింటి తేడాలో బయాస్ కొట్టుకుపోతుంది, భూమి వాటా రెట్టింపవుతుంది. అప్లికేషన్ రేడియన్లలో చూపిస్తే, 15 డిగ్రీల దగ్గర ఉత్తరం రీడింగ్ లోంచి దక్షిణం రీడింగ్ తీసేస్తే సెకనుకు 0.00014 రేడియన్లు రావాలి. ఉత్తరం–దక్షిణం–దక్షిణం–ఉత్తరం వరసలో చదివితే నిలకడగా పెరిగే వేడి ప్రభావం కూడా పోతుంది. ఇలాంటి వరసలు కనీసం నలభై చేయండి.

జరిగే పొరపాట్లలో ముఖ్యమైనది సాఫ్ట్‌వేర్ చేసేది. ఫోన్ కదలకుండా ఉందని గమనించగానే చాలా ఫోన్లు ఆ రీడింగ్‌ని సున్నాగా దిద్దేస్తాయి, దాంతో భూమి కూడా పోతుంది. ఆండ్రాయిడ్‌లో దిద్దుబాటు లేని జైరోస్కోప్ అని వేరే సెన్సర్ ఉంటుంది, అదే ఎంచుకోండి. నమూనాల వేగం ఎక్కువగా పెట్టండి. చిప్ చూపగల అతి చిన్న మెట్టు భూభ్రమణం కన్నా పెద్దది, సహజమైన రొద, అంటే రీడింగ్‌లో వచ్చే చిన్న చిన్న హెచ్చుతగ్గులు, రీడింగ్‌ని మెట్ల మధ్య ఆడిస్తేనే సగటు తీయడం పనిచేస్తుంది. ఇంకోటి, ఫోన్‌ని బోర్లా తిప్పి నిలువు భాగం కొలవాలని చూడకండి. గురుత్వం చిప్ మీద పనిచేసే దిశ మారి బయాస్ జరుగుతుంది. బల్ల మీద మట్టంగానే తిప్పితే గురుత్వం చిప్‌కి ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది.

అన్నిటికన్నా నమ్మకమిచ్చేది తూర్పు–పడమర పోలిక. అదే పద్ధతిలో పొడవు అంచు తూర్పుకి, తర్వాత పడమటికి పెట్టి చూడండి, తేడా సున్నా రావాలి. మధ్య దిశల్లో కొసైన్ వక్రం వెంట పోవాలి. వేడికీ, రొదకీ ఉత్తరం ఎటో తెలియదు కదా. బయటికి చూడకుండా ఉత్తర దిక్కు బయటపడిందంటే గది తిరుగుతున్నట్టే. ఓడల్లో జైరో దిక్సూచి నిజ ఉత్తరాన్ని చూపించేది ఈ సూత్రం మీదే, అయస్కాంతంతో పని లేదు. ధ్రువాల దగ్గరికి పోతే అడ్డ భాగం తగ్గి అది పనికిరాకుండా పోతుంది.

ఇదే కొలత కాంతితో చేస్తే ఎంత దూరం వెళ్తుందో జర్మనీలోని వెట్సెల్ కేంద్రంలో చూడవచ్చు. నాలుగు మీటర్ల భుజం ఉన్న చదరపు లేజర్ వలయంలో రెండు కిరణాలు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. భూమి తిరగడం వల్ల వాటి పౌనఃపున్యాల మధ్య దాదాపు 348 హెర్ట్జ్ తేడా వస్తుంది. భూమి తిరగకపోతే అది సున్నా.

---

తూర్పుగాలి

విమానం సంగతి. వరాహమిహిరుడు కూడా ఇలాంటి ఆక్షేపణే చేశాడు, భూమి తిరిగితే ఎగిరిన పక్షి గూటికి ఎలా తిరిగొస్తుందని. పక్షికీ విమానానికీ నేల విడిచే ముందే భూమి వేగం ఉంది, చుట్టూ ఉన్న గాలికీ ఉంది. భూమధ్యరేఖ దగ్గర అది సెకనుకు 465 మీటర్లు. విమానం ఎగిరేది గాలిని బట్టి. తూర్పు–పడమర ప్రయాణ కాలాల్లో తేడా జెట్ స్ట్రీమ్, అంటే పై ఎత్తుల్లో తూర్పుకి వీచే బలమైన గాలి, వల్ల వస్తుంది, నేల జరిగిపోవడం వల్ల కాదు.

అయితే విమానంలో భ్రమణం కనబడే చోటు ఉంది, కాలంలో కాదు, బరువులో. భూమధ్యరేఖ వెంట సెకనుకు 250 మీటర్ల వేగంతో తూర్పుకి పోతే బరువు సుమారు 0.47 శాతం తగ్గుతుంది, పడమటికి పోతే 0.27 శాతం పెరుగుతుంది. భూమి నిశ్చలంగా ఉంటే రెండు వైపులా ఒకేలా 0.1 శాతం తగ్గాలి. దీన్ని ఎట్వోష్ ప్రభావం అంటారు. ఓడ మీద, విమానం మీద గురుత్వ సర్వే చేసేవాళ్లు దీన్ని సరిదిద్దకపోతే పటం అంతా తప్పులే. నాక్షత్రదినం గారు చెప్పిన "పుట్టుకతోనే ఆ ఆకారం" వాదనకి కూడా ఇదే సమాధానం, ఆకారానికి తూర్పు పడమరల తేడా తెలియదు.

1971లో హాఫెలె, కీటింగ్ సీజియం అణు గడియారాలని ప్రయాణికుల విమానాల్లో ప్రపంచం చుట్టూ తిప్పారు. నేల మీది గడియారంతో పోలిస్తే తూర్పుకి వెళ్లినవి సుమారు 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమటికి వెళ్లినవి 273 నానోసెకన్లు ముందుకి పోయాయి. ఎత్తు ప్రభావం రెండు ప్రయాణాల్లోనూ గడియారాన్ని ముందుకే నెడుతుంది. కానీ సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం ఎక్కువ వేగంతో పోయే గడియారం నెమ్మదిగా నడుస్తుంది; తూర్పుకి పోయేదానికి విమానం వేగం భూమి వేగానికి కలుస్తుంది. ఒకటి వెనకబడటానికి కారణం నేలే తూర్పుకి తిరుగుతుండటం.

పై నుంచి వదిలిన రాయి తూర్పుకి పడుతుందనే ప్రయోగం మీ గదిలో పెట్టకండి. 4 మీటర్ల నుంచి 15 డిగ్రీల దగ్గర జరిగేది 0.17 మి.మీ. మాత్రమే, వదిలే తీరులో తప్పే అంతకన్నా ఎక్కువ. 100 మీటర్లయితే 21 మి.మీ. 1831లో రైష్ ఫ్రైబెర్గ్ గనిలో 158 మీటర్ల లోతుకి వందకు పైగా సార్లు వదిలితే సగటు 28 మి.మీ. తూర్పుకి వచ్చింది, లెక్క ప్రకారం రావలసింది 27.5.

సింకులో నీటి సుడి ఎవరైనా చూపిస్తే ఒప్పుకోకండి. నీళ్లు పోసినప్పటి కదలికే అక్కడ రాజ్యం చేస్తుంది. 1962లో షాపిరో ఆరడుగుల వెడల్పు గుండ్రటి తొట్టిలో నీళ్లు పోసి, 24 గంటలు కదల్చకుండా ఉంచి, అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల రంధ్రం గుండా వదిలితే అప్పుడు అపసవ్యదిశలో తిరిగింది. మొదటి పన్నెండు నిమిషాలు అసలు ఏమీ కనబడలేదు. అది కూడా 42 డిగ్రీల అక్షాంశం దగ్గర, మీ దగ్గర ప్రభావం అందులో సగం కూడా ఉండదు.

---

ఉత్తరగోళం

అందరికీ ధన్యవాదాలు. ఫోన్‌కి తూర్పు–పడమర పోలిక దొరికింది. తీగగుండు గారూ, లోలకానికి అలాంటి పోలిక ఏముంది? గంటకు నాలుగు డిగ్రీలు తిరిగిందనుకోండి, అది భూమి వల్లా, దూలం వల్లా అని ఎలా విడదీయాలి?

---

తీగగుండు

వదిలే దిశ మార్చి చూడాలి. పైన బిగింపు ఒక వైపు మెత్తగా ఉందంటే దానికి రెండు ప్రత్యేక దిశలుంటాయి, ఒకదానికొకటి లంబంగా. ఆ రెండింట్లో దేని వెంట ఊపినా దీర్ఘవృత్తం రాదు. వాటి మధ్య 45 డిగ్రీల్లో వదిలితే గరిష్ఠంగా వస్తుంది. అక్కణ్ణుంచి 90 డిగ్రీలు మార్చి వదిలితే అంతే పరిమాణంలో, ఎదురు చుట్టుతో వస్తుంది. భూమి మాత్రం ఏ దిశలో వదిలినా ఒకే వేగంతో, ఒకే వైపుకి తిప్పుతుంది.

అందుకని నాలుగు పరుగులు తీయండి: ఉత్తరం, ఈశాన్యం, తూర్పు, ఆగ్నేయం వైపు లాగి వదిలినవి. ప్రతి పరుగు ముప్పై నిమిషాలు చాలు, దీర్ఘవృత్తం పెరగక ముందే ఆపడం మంచిది. ప్రతి ఐదు నిమిషాలకీ తలం దిశతో పాటు చిన్న అర్ధాక్షం కూడా రాయండి. గుండు మధ్యలోంచి పోయేటప్పుడు సూది కేంద్రానికి ఎంత పక్కగా, ఏ వైపుగా పోతోందో చూస్తే అది తెలుస్తుంది. లంబంగా ఉన్న జతల సగటు తీస్తే, అంటే ఉత్తరం–తూర్పు ఒక జత, ఈశాన్యం–ఆగ్నేయం ఇంకో జత, దూలం వాటా చాలామట్టుకు పోతుంది. రెండు సగటులూ 3.9కి అర డిగ్రీ అటూ ఇటూ ఉంటే మీ కట్టడం బాగున్నట్టు.

ఈశాన్యం 6, ఆగ్నేయం 2 లాంటివి వస్తే సగటు సరిగ్గా ఉన్నా వదిలేయకండి, తప్పు ఎక్కడుందో పట్టుకోండి. చక్‌ని 90 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలవండి. ఎక్కువా తక్కువా తారుమారైతే తప్పు దవడల్లోనో తీగలోనో ఉంది, చక్ మార్చండి లేదా తీగని కొత్త చోట పట్టించండి. మారకపోతే దూలానిది, దాని అడ్డ దిశలో ఇంకో ఊతం బిగించాలి. అన్ని దిశల్లోనూ ఒకే వైపు, ఒకేలా ఎక్కువ వస్తే మాత్రం వదలడంలో తప్పు. దారం గురుత్వ కేంద్రం ఎత్తులో లేదు, లేదా గుండు తిరుగుడు ఆగక ముందే కాల్చారు.